ధైర్యం చెప్పేకొద్దీ పెరిగే భయం: ఆందోళన జబ్బున్న భార్యకో భర్తకో ఎలా తోడుండాలి

భర్త రోజూ సాయంత్రం గచ్చిబౌలి నుంచి ఉప్పల్ దాకా బండి మీద వస్తాడు. దారిలో భార్య నుంచి నాలుగు ఫోన్లు. "ఎక్కడున్నావ్? బాగానే ఉన్నావా?" బండి పక్కకు ఆపి "ఏం కాలేదు, వచ్చేస్తున్నా" అంటాడు. ఆమె ప్రాణం కుదుటపడుతుంది, ఓ పది నిమిషాలు. ఆర్నెల్లు తిరిగేసరికి నాలుగు ఫోన్లు ఎనిమిదవుతాయి. ఒక్కటి ఎత్తకపోతే ఆమె ఏడుస్తూ మరిదికి ఫోన్ చేస్తుంది. ఇతనికి ఫోన్ మోగితే చాలు, ఒళ్లు మండుతుంది. ఆమె నటించడం లేదు, ఇతనికి ప్రేమ తగ్గలేదు. అయినా భయం పెరుగుతోంది, ఓపిక తరుగుతోంది.

ఈ రెండింటికీ మూలం ఒకటే. భయం పుట్టినప్పుడల్లా దాన్ని అప్పటికప్పుడు దించే పనిని ఆ ఇంట్లో ఒక మనిషి తన మీద వేసుకున్నాడు. జబ్బును పెంచుతున్నది ఆ పనే, అతన్ని అరగదీస్తున్నదీ ఆ పనే. కాబట్టి "తనను చూసుకోవాలా, నన్ను నేను కాపాడుకోవాలా" అని తక్కెడ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పనిని తగ్గించుకోవడం తెలిస్తే చాలామటుకు రెండూ జరుగుతాయి.

కంగారు ఎప్పుడు జబ్బవుతుంది

పిల్లల పరీక్షలు, ఇంటి వాయిదాలు, అమ్మ ఆరోగ్యం గురించి కంగారు పడని వాళ్లుండరు. ఆ కంగారు కనీసం 6 నెలలపాటు, ఎక్కువ రోజులు, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దూకుతూ, ఆపుకుందామన్నా ఆగకుండా ఉండి, దానితోపాటు నిద్ర పట్టకపోవడం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, అలసట, చిరాకు, ధ్యాస నిలవకపోవడం, కుదురుగా కూర్చోలేకపోవడం లాంటివాటిలో మూడైనా కనిపిస్తే డాక్టర్లు దాన్ని సాధారణ ఆందోళన రుగ్మత అంటారు. ఉన్నట్టుండి గుండె దడదడలాడి, ఊపిరి ఆడక, చచ్చిపోతానన్న భయం కమ్మేసి కొద్ది నిమిషాల్లో తారస్థాయికి చేరేది పానిక్ అటాక్. నలుగురిలో మాట్లాడలేకపోవడం, ప్రతి నొప్పినీ క్యాన్సర్ అనుకోవడం, తాళం వేశానా లేదా అని పదిసార్లు చూడటం వేరే రూపాలు. వీటి మధ్య తేడాలున్నా, ఇంట్లో వాళ్లు చిక్కుకునే వల మాత్రం ఒకటే.

మన ఇళ్లలో ఇది చాలా ఏళ్లు వేరే పేర్ల మీద నడుస్తుంది. గుండె దడను గ్యాస్ అంటారు, నీరసం అంటారు, దిష్టి అంటారు. మగవాళ్లలో తరచూ కోపంగానో, సాయంత్రం మందుగానో బయటపడుతుంది. రెండు పెగ్గులతో ఆ రాత్రికి భయం దిగుతుంది, తెల్లారి మందు ప్రభావం పోతుంటే అంతకు రెట్టింపై వస్తుంది. అతనికది జబ్బు తిరగబెట్టినట్టే అనిపిస్తుంది, సాయంత్రానికి మళ్లీ సీసా దగ్గరికి వెళ్తాడు.

మనసు జబ్బని తేల్చుకునే ముందు ఒంటిని చూపించడం అవసరం. థైరాయిడ్ ఎక్కువ పనిచేస్తున్నా, థైరాయిడ్ మాత్ర మోతాదు మించినా, రక్తం తక్కువున్నా, ఉబ్బసానికి వాడే సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ వల్లా, రోజుకు ఐదారు కాఫీలు తాగినా దడ వస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్ష), హిమోగ్లోబిన్, ఈసీజీ ఒకసారి చేయిస్తే చాలు. అవి బాగున్నాక కూడా నెలనెలా కొత్త స్కానింగులు చేయించడం వైద్యం కిందికి రాదు. అది ధైర్యం కొనుక్కోవడం, దాని గడువు వారం.

భయానికి మేత ఎక్కడి నుంచి

ఫోన్ చేసింది, భర్త ఎత్తాడు, భయం పోయింది. ఇక్కడ మెదడు నేర్చుకునే పాఠం "రోడ్డు మీద ప్రమాదం లేదు" అని కాదు, "ఫోన్ చేశాను కాబట్టి గండం గడిచింది" అని. ఫోన్ చేయకుండా ఆ గంట గడిస్తే ఏమవుతుందో చూసే అవకాశం ఆమెకు దొరకనే లేదు. ఆదుర్దాను అలా వదిలేస్తే కాసేపు పెరిగి, దానంతట అది దిగుతుంది. ఆ దిగడం ఒకసారి అనుభవంలోకి వస్తేనే మెదడు మారుతుంది. ప్రతిసారీ మధ్యలో ఎవరో వచ్చి దించేస్తే ఆ అనుభవం ఎప్పటికీ రాదు. దురదను గోకినట్టే ఇదీ, గోకినంతసేపే హాయి.

కుటుంబ సభ్యులు భయానికి తగ్గట్టు తమ పనులు మార్చుకోవడాన్ని పరిశోధకులు మొదట ఓసీడీ (చూసిందే మళ్లీ మళ్లీ చూసుకునే, కడిగిందే కడిగే జబ్బు) రోగుల ఇళ్లలో కొలిచారు. తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో ఎలీ లెబోవిట్జ్ బృందం ఆందోళన ఉన్న పిల్లల విషయంలో దాన్నే చికిత్సగా మలిచింది. అందులో పిల్లలకు చికిత్స చేయరు, తల్లిదండ్రులకు మాత్రమే నేర్పుతారు. 2020లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 124 మంది పిల్లలున్నారు. నేరుగా పిల్లలకు ఇచ్చిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీకి (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స) ఈ పద్ధతి తీసిపోలేదని తేలింది. ఇంట్లో వాళ్ల ప్రవర్తనకు ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ దాన్ని ఉన్నదున్నట్టు మొగుడూ పెళ్లాల మధ్యకు తేకూడదు. భార్య చిన్నపిల్ల కాదు, భర్త ఆమెకు తండ్రి కాడు. తల్లిదండ్రులు పిల్లల తరఫున నిర్ణయించవచ్చు, ఇక్కడ ఏ మార్పైనా ఇద్దరి ఒప్పుదలతోనే జరగాలి. చెప్పకుండా మొదలుపెడితే అవతలి మనిషికి అది వదిలేసినట్టే కనిపిస్తుంది.

మేత తగ్గించే పద్ధతి

ముందు ఒక వారం రాసుకోండి. ఫోన్ నోట్స్‌లో చాలు. తన భయం వల్ల మీరు చేసిన పనీ, చేయకుండా మానేసిన పనీ, అదెన్నిసార్లన్నదీ. గ్యాస్ కట్టేశామా అని లేచి చూడటం, నొప్పి గురించి గూగుల్‌లో వెతికి "ఏం కాదంట" అని చదివి వినిపించడం, తన బదులు బ్యాంకువాళ్లతో మాట్లాడటం, పెళ్లిళ్లకు వెళ్లకుండా చుట్టాలకు అబద్ధం చెప్పడం, రాత్రి రెండింటికి బీపీ మిషన్ కట్టడం. వారం తర్వాత ఆ జాబితా చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు. ఎందుకు అలిసిపోతున్నారో అందులోనే ఉంటుంది.

రెండోది, తనతో మాట్లాడటం. భయం వచ్చిన వేళ కాదు, పడుకునే ముందు అసలే కాదు. ఆదివారం టిఫిన్లయ్యాక, పెద్దవాళ్లు పక్కన లేనప్పుడు. "నీతో విసిగిపోయాను" అని మొదలైతే మాట అక్కడే ఆగిపోతుంది. "నేను జవాబు చెప్పిన ప్రతిసారీ నీకు కాసేపే బాగుంటోంది, మళ్లీ మొదలవుతోంది. మనమిద్దరం కలిసి దీన్ని మెల్లగా మారుద్దామా" అంటే వినే మనసుకు చోటుంటుంది. ఇప్పటికే థెరపీకి వెళ్తుంటే ఈ సంభాషణ థెరపిస్ట్ ముందు జరగడం ఇంకా మేలు.

జాబితా నుంచి ఒక్కటే ఎంచుకోవాలి. అన్నిటికంటే కష్టమైనది వద్దు, మరీ తేలికైనదీ వద్దు. రోజూ జరిగేది అయితే సాధన ఎక్కువ దొరుకుతుంది. ఫోన్ల సంగతే తీసుకుంటే, బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, ఇంటి కింద బండి పెట్టాక ఒకటి, మధ్యలో వచ్చే ఫోన్ ఎత్తనని ముందే చెప్పుకోవడం. నిజంగా అత్యవసరమైతే ఏం చేయాలో కూడా అప్పుడే తేల్చుకోవాలి: "పిల్లాడికి జ్వరం" అని మెసేజ్ పెడితే బండి ఆపి ఫోన్ చేస్తాను. రెండు వారాలు సాఫీగా జరిగాక రెండో మెసేజ్ తీసేయవచ్చు.

ఆ సమయంలో అనాల్సిన మాటలో రెండు భాగాలుంటాయి. నీకు ఎంత కష్టంగా ఉందో తెలుస్తోంది, నువ్వు తట్టుకోగలవు. "భయంగా ఉందని తెలుస్తోంది రా. ఇది కాసేపట్లో దిగుతుంది, నువ్వు దాటగలవు" లాంటివి. మొదటి భాగం లేకపోతే కసురుకున్నట్టుంటుంది. రెండోది లేకపోతే జాలి మాత్రమే మిగులుతుంది. "ఏం కాదు, ఊరికే భయపడకు" అన్న మన అలవాటు మాటలో ఈ రెండూ లేవు.

ఏ ప్రశ్నకు జవాబివ్వాలి, దేనికివ్వకూడదు అన్న చిక్కు వస్తుంది. మొదటిసారి అడిగింది సమాచారం కోసం, దానికి పూర్తిగా, శ్రద్ధగా జవాబివ్వండి. అదే ప్రశ్న ఐదోసారి వస్తే అది భయం అడుగుతున్నది. "దీనికి పొద్దున జవాబిచ్చాను, మళ్లీ ఇవ్వను, కానీ నీ పక్కనే కూర్చుంటాను" అనవచ్చు. చెయ్యి పట్టుకోవడం, దగ్గర కూర్చోవడం, వంట పంచుకోవడం ఏవీ మేత కిందికి రావు. అవి తీసేయకండి.

చెడిపోయేది ఎక్కడ

మొదటి వారం, పది రోజులు పరిస్థితి ముదిరినట్టే ఉంటుంది. అలవాటైన ఊరట అందకపోతే మనిషి ఇంకా గట్టిగా అడుగుతారు. ఇక్కడే ఎక్కువమంది ఓడిపోతారు. ఆరు ఫోన్లు ఎత్తకుండా ఏడోది ఎత్తితే, ఏడుసార్లు చేస్తే ఎత్తుతారని నేర్పినట్టు. అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఇది హానికరం, ఎందుకంటే అప్పుడప్పుడూ దొరికే ఊరట అలవాటును ఇంకా మొండిగా చేస్తుంది. ఏడో ఫోన్‌కు కరిగిపోతానని అనిపిస్తే ఇంకా చిన్న మెట్టు ఎంచుకోండి.

ఇంకో దారి చుట్టాలది. భర్త ఎత్తకపోతే అత్తగారికి, అక్కకు, మరిదికి ఫోన్లు వెళ్తాయి. వాళ్లు జాలిపడి "ఇప్పుడే మాట్లాడాను, బాగానే ఉన్నాడు" అంటారు. మేత ఆగలేదు, పెట్టే చెయ్యి మారింది. తన అనుమతితో ఆ ఒకరిద్దరికీ ముందే చెప్పాలి. లైవ్ లొకేషన్, వాట్సాప్ నీలం టిక్కులు కూడా ఈ కోవలోవే. ఫోన్ మానేసి రోజంతా మ్యాప్‌లో చుక్కను చూస్తూ కూర్చుంటే ఏమీ మారినట్టు కాదు. పిల్లల చేత "అమ్మా, నాన్న వచ్చేస్తున్నాడు" అని చెప్పించడం అన్నిటికంటే చెడ్డది. వాళ్లు ఆ భయాన్ని కాపలా కాయడం నేర్చుకుంటారు.

కోపంలో హద్దు పెట్టడం మరో పొరపాటు. "ఇక నీ ఇష్టం, నేను పట్టించుకోను" అన్నది శిక్ష. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఒప్పుకున్న హద్దే పనిచేస్తుంది. కాన్పయిన కొత్తలోనూ, మందు మొదలుపెట్టిన లేదా మోతాదు మార్చిన రెండు వారాల్లోనూ, చచ్చిపోవాలనిపిస్తోందన్న మాట వినిపించినప్పుడూ ఇలాంటి ప్రయోగాలు డాక్టరుకు చెప్పకుండా చేయవద్దు.

పానిక్ అటాక్ వచ్చినప్పుడు

ఛాతీలో నొప్పి మొట్టమొదటిసారి వస్తే, నలభై దాటినవాళ్లయితే, షుగరో బీపీయో ఉంటే, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకితే, చల్లటి చెమటలు పట్టి కళ్లు తిరిగితే పానిక్ అని మీరు తేల్చకండి. 108కి ఫోన్ చేయండి. గుండె బాగుందని డాక్టరు తేల్చాక, అవే లక్షణాలతో మళ్లీ మళ్లీ వచ్చేది వేరే సంగతి. ప్రతిసారీ క్యాజువాల్టీకి పరుగెత్తితే ఆసుపత్రే ఇంకో ఫోన్ కాల్ అవుతుంది.

పానిక్ సాధారణంగా 10 నిమిషాల్లో తారస్థాయికి చేరి, అరగంటలోపు దిగుతుంది. గడియారం చూసుకోండి, మీ కంగారు అదుపులో ఉంటుంది. జనాన్ని దూరంగా పంపండి. మొహం మీద నీళ్లు చల్లడం, ఉల్లిపాయ వాసన చూపించడం వద్దు. ఊపిరి వేగంగా తీస్తున్నప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. దాన్ని చూసి పక్షవాతమని భయపడతారు, ఇంకా వేగంగా పీలుస్తారు. కాబట్టి "గట్టిగా ఊపిరి తీసుకో" అనకూడదు. ముక్కుతో 4 లెక్కపెట్టేంతసేపు తీసుకుని, 6 లెక్కపెట్టేంతసేపు మెల్లగా వదలమని, మీరు పక్కన కూర్చుని అలాగే చేయండి. కాగితం సంచిలోనో కవర్లోనో ఊపిరి పీల్చమనే పాత చిట్కా ప్రమాదం. తగ్గాక వివరాలు అడిగి ఆరా తీయకుండా, ఏ పని మధ్యలో ఆగిందో దానికి తిరిగి వెళ్లనివ్వండి. సూపర్ మార్కెట్లో వస్తే ఓ మూల కూర్చుని, దిగాక ఆ బిల్లు కట్టి రావడం మంచిది. పారిపోయి వస్తే వచ్చేసారి ఆ షాపు గుమ్మమే భయపెడుతుంది.

వైద్యం: మీ పాత్ర ఎంత

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మానసిక జబ్బులున్నవారిలో చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం దాకా ఉన్నట్టు తేలింది. ఆందోళన జబ్బు బాగా నయమయ్యేవాటిలో ఒకటి కావడం వల్ల ఆ లెక్క ఇంకా బాధ కలిగిస్తుంది.

మందు రాసేది సైకియాట్రిస్ట్, అంటే ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. మాటలతో చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్ట్. రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగడం మీ హక్కు. ఇన్‌స్టాగ్రామ్‌లో కోచ్ అని రాసుకున్నవాళ్లు వేరు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మామూలుగా 12 నుంచి 20 సార్లు ఉంటుంది. ఖర్చు భరించలేకపోతే ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాల, బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీలు ఉన్నాయి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. తోడుండేవాళ్లు కూడా తమ కోసం చేయవచ్చు. ఈ మాట ఎక్కువమందికి తెలియదు.

ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్ లాంటి మందులు పట్టు చూపడానికి 2 నుంచి 4 వారాలు, పూర్తి ఫలితానికి 6 నుంచి 8 వారాలు పట్టవచ్చు. మొదటి వారం రెండు వారాలు వికారం, తలనొప్పి, కొందరిలో ఆందోళన ఇంకాస్త పెరగడం కూడా ఉంటాయి. "ఈ మందు పడలేదు" అని నాలుగో రోజు ఆపేసేది ఇక్కడే. కోరిక తగ్గడం, స్ఖలనం ఆలస్యం కావడం కూడా ఈ మందుల వల్ల రావచ్చు. భార్యాభర్తలు ఒకరి మీద ఒకరు అనుమానపడి మౌనంగా ఉండిపోతారు. డాక్టరుకు చెబితే మోతాదో మందో మారుస్తారు. బాగయ్యాక కూడా కనీసం 6 నుంచి 12 నెలలు వాడి, మెల్లగా తగ్గించి ఆపాలి. అల్ప్రజోలామ్, క్లోనజెపామ్ సంగతి వేరు. అరగంటలో హాయినిస్తాయి కాబట్టే అలవాటు పడతాయి. కొద్ది వారాలకు మించి రోజూ వాడకూడదు, మద్యంతో కలిపితే ఊపిరికే ముప్పు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి మీరు తెచ్చిపెట్టడం కూడా మేత వేయడమే. అప్పటికే నెలల తరబడి వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు, ఎప్పుడు మొదలైంది, వారానికి ఎన్నిసార్లు, నిద్ర ఎన్ని గంటలు, కాఫీ, మద్యం, సిగరెట్ లెక్క, ఇప్పుడు వాడుతున్న మాత్రలు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఓపీలో దొరికే కొద్ది నిమిషాలు అప్పుడు వృథా కావు. తన అనుమతి లేకుండా డాక్టరు మీకు వివరాలు చెప్పరు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం గోప్యత రోగి హక్కు. మీరు గమనించింది డాక్టరుకు చెప్పడానికి మాత్రం అడ్డేమీ లేదు. మాత్ర వేసుకున్నావా అని రోజుకు రెండుసార్లు అడగడం మీ పని కాదు. వారానికి సరిపడా గళ్ల డబ్బా ఒకటి కొనిపెట్టి వదిలేయండి.

మీ వంతు

అన్నిటికంటే ముందు నిద్ర. రాత్రి ఒంటిగంటకు మొదలయ్యే చర్చలో ఏ సమస్యా తేలదు. పదిన్నర తర్వాత దిగుళ్ల మీద మాట్లాడుకోకూడదని ఒప్పందం చేసుకుని, సాయంత్రం ఆరున్నరకు 20 నిమిషాలు వాటికే కేటాయించండి. తక్కినప్పుడు వచ్చిన దిగులును తను కాగితం మీద రాసి ఆ వేళకు దాచుకోవాలి. సాయంత్రానికి సగం వాటంతట అవే చప్పబడిపోతాయి. వారానికి ఒకట్రెండు రాత్రులు వేరే గదిలో పడుకోవాల్సి వస్తే అందులో తప్పు లేదు, కానీ అలిగి వెళ్లకుండా ముందే చెప్పి వెళ్లండి.

రెండో సంగతి రహస్యం. జబ్బు ఎవరిదో, ఎవరికి చెప్పాలన్న నిర్ణయమూ వాళ్లదే. కానీ దాన్ని ఒంటరిగా మోయమని మిమ్మల్ని అడగడం న్యాయం కాదు. ఒక్క మనిషితో, ఇద్దరూ నమ్మే ఒక స్నేహితుడో అక్కో, మీరు మనసు విప్పి మాట్లాడటానికి తన ఒప్పుదల తీసుకోండి. తక్కిన చుట్టాలకు ఇద్దరూ కలిసి ఒక వాక్యం అనుకోండి: "నిద్ర సరిగా లేదు, డాక్టరుకు చూపిస్తున్నాం." అబద్ధం కాదు, ఆరా తీయడానికి చోటూ ఉండదు.

అమెరికాలో డిపెండెంట్ వీసా మీద ఉన్న భార్యో భర్తో అయితే ఈ బరువు ఇంకా ఎక్కువ. రోజంతా మాట్లాడే మనిషి మీరొక్కరే అవుతారు. కంపెనీ ఉద్యోగుల సహాయ పథకంలో కొన్ని ఉచిత కౌన్సెలింగులు సాధారణంగా కుటుంబానికీ వర్తిస్తాయి, హెచ్ఆర్‌ని అడగండి. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా, మనసు తట్టుకోలేని స్థితికి చేరినా అక్కడి సహాయ నంబరు 988.

మీ నడక, మీ క్రికెట్, మీ భజన మండలి మానుకుని చేసే త్యాగం తనకు అపరాధ భావాన్నీ, మీకు లోలోపల కక్షనూ మిగులుస్తుంది. మీరు వెళ్లిన గంట తను ఒంటరిగా గడపడం తనకు సాధన కూడా. రెండు వారాలకు పైగా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, పొద్దున్నే లేవాలంటే భారంగా ఉండటం, ఊరికే కళ్లనీళ్లు రావడం ఉంటే మీ కోసం మీరు డాక్టరును చూడాలి.

ఆందోళన జబ్బు కొన్నిటికి సాకు కాదు. ఫోన్ తీసి చదవడం, పుట్టింటికి వెళ్లనివ్వకపోవడం, జీతం చేతికివ్వకపోవడం, చెయ్యి చేసుకోవడం "నా భయం వల్లే" అన్నా ఒప్పుకోకూడదు. ఇక్కడ ఓపిక పట్టమనే సలహా ప్రమాదకరం. మహిళలకు 181 సహాయ నంబరు ఉంది.

"నేను లేకపోతే మీరంతా హాయిగా ఉంటారు" లాంటి మాట వింటే తిట్టకండి, దాటేయకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా, ఎలా అన్న ఆలోచన ఉందా అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ. పురుగుమందు, మాత్రల నిల్వ ఇంట్లోంచి తీసేయండి, ఒంటరిగా వదలకండి, 14416కి ఫోన్ చేయండి లేదా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ కాపలా మీరొక్కరే కాయాల్సింది కాదు, ఇంకొకరిని పిలవండి. రహస్యం నియమం ఇక్కడ చెల్లదు.

బాగుపడటం ఎత్తుపల్లాలతో సాగుతుంది. ఇల్లు మారినా, గర్భం వచ్చినా, ఇంట్లో ఎవరైనా పోయినా పాత ఫోన్లు మళ్లీ మొదలవుతాయి. నెలకోసారి ఇద్దరూ ఓ అరగంట కూర్చుని ఏది తగ్గింది, ఏది తిరిగొచ్చింది చూసుకుంటే ముందే పట్టుకోవచ్చు. తిరిగొచ్చిన అలవాటును ఈసారి దించడానికి మొదటిసారి అంత కాలం సాధారణంగా పట్టదు. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మోతాదు సరిచూడమనో, ఒకట్రెండుసార్లు థెరపీకి రమ్మనో అడగడానికి డాక్టరుకు ఫోన్ చేయండి. మందు అప్పటికే ఆపేసి ఉంటే మిగిలిన స్ట్రిప్‌లోంచి సొంతంగా మళ్లీ మొదలుపెట్టకండి.